లాప్‌టాప్ యంత్రము : రక్షణము, పోషణము

లాప్‌టాప్ నేడు ధనవంతుల యింటి వస్తువు మాత్రమే కాదు. తమిళనాడు ప్రభుత్వము 2011వ సంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను పండ్రెండవ తరగతి చదువు విద్యార్థులకు దీనిని ఉచితముగా ఇచ్చు పథకమును ప్రారంభించినది. నాటి నుండి, కూలినాలి చేసికొని బ్రదుకు కుటుంబములలోనికి సైతము ఈ యంత్రము ప్రవేశించినది. కొందరు తల్లిదండ్రులు చీటీ పాడి కొనుచున్నారు. కొందరు వాయిదాలపై కొనుచున్నారు. ఉచితముగా వచ్చినదైనను, అప్పుచేసి తెచ్చినదైనను ఒక్క మాట నిజము: మొదటిది చెడినచో రెండవది వచ్చుట దుర్లభము.

మనవంటి భాషా అల్పసంఖ్యాకులకు ఈ యంత్రము మరియొక విధముగా కూడ విలువైనది. మన ఊళ్లలో తెలుగు పుస్తకముల అంగడి కానరాదు. తెలుగు వార్తాపత్రిక అన్నిచోట్లకు రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యపుస్తకములు, నిఘంటువులు, పాత గ్రంథముల ప్రతులు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. కావున ఈ యంత్రము మన విద్యార్థికి వ్రాతబల్ల మాత్రమే కాదు, గ్రంథాలయము కూడ. ఇట్టి వస్తువును కాపాడుకొను విధము తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఈ యంత్రమునకు రెండు విధములైన క్షయము కలదు. ఒకటి శక్తిక్షయము, అనగా బ్యాటరీ నానాటికి బలహీనమగుట. ఇది మెల్లగా జరుగును, కంటికి కనబడును. రెండవది విషయక్షయము, అనగా మనము వ్రాసి దాచుకొన్నది పోవుట, లేదా పరుల చేతిలో పడుట. ఇది ఒక్కసారిగా జరుగును, జరుగువరకు తెలియదు. ఈ రెంటిని నివారించుటకు ధనము అంతగా అక్కరలేదు. కొన్ని సెట్టింగులు, కొన్ని మంచి అలవాట్లు చాలును.

బ్యాటరీలో జరుగునది

ఎట్లు కాపాడవలెనో తెలియుటకు ముందు లోపల జరుగునదేమో తెలియవలెను. లాప్‌టాపులలో నుండునది లిథియం-అయాన్ బ్యాటరీ. సోనీ సంస్థ దీనిని 1991లో మొదటిసారి విపణిలోనికి తెచ్చినది. దీని నిర్మాణమునకు పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరములు.

ఈ బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడులు ఉండును. ఒకటి గ్రాఫైటుతో చేయబడినది. మన పెన్సిలు ములుకులో నుండు పదార్థమే అది. రెండవది కోబాల్టు వంటి లోహముల ఆక్సైడుతో చేయబడినది. రెంటి నడుమ ఒక ద్రావణమును, సన్నని అడ్డుపొరయు ఉండును. మనము చార్జి చేయునపుడు లిథియం అయానులు ఆక్సైడు వైపు నుండి గ్రాఫైటు వైపునకు పోయి అందు చేరును. మనము యంత్రమును వాడునపుడు అవి మరల వెనుకకు వచ్చును. ఇట్లు అటునిటు ఊగుటచేత శాస్త్రజ్ఞులు దీనికి ఊగుడుకుర్చీ బ్యాటరీ అను పేరు కూడ పెట్టిరి.

ఈ రాకపోకలలో ప్రతిసారి కొంచెము లిథియము గ్రాఫైటుపై ఏర్పడు పొరలో చిక్కుకొని, తిరిగి పనికిరాకుండ పోవును. కుండకు అడుగున మడ్డి పేరుకొన్నకొలది నీరు పట్టు చోటు తగ్గునట్లు, బ్యాటరీ పట్టు శక్తియు క్రమముగా తగ్గును. దీనిని పూర్తిగా ఆపుట ఎవరికిని సాధ్యము కాదు. కాని వేగమును తగ్గించుట మన చేతిలో ఉన్నది. ఈ క్షయమును త్వరపెట్టునవి ముఖ్యముగా మూడు: వేడి, ఎల్లప్పుడు నిండుగా 100 శాతము చార్జిలో ఉంచుట, మాటిమాటికి పూర్తిగా సున్నకు దింపుట.

బ్యాటరీ ఆయుస్సును లెక్కించుటకు చార్జి చక్రము అను కొలత కలదు. నేడు 60 శాతము వాడి చార్జి చేసి, రేపు 40 శాతము వాడినచో రెండు దినములకు కలిపి ఒక చక్రము అగును. సాధారణమైన లాప్‌టాప్ బ్యాటరీ 300 నుండి 500 చక్రముల పిదప తన మొదటి శక్తిలో సుమారు 80 శాతము నిలుపుకొనును. మేలురకములు 1,000 చక్రముల వరకు నిలుచును.

పెద్దలు కొందరు, బ్యాటరీని పూర్తిగా దింపిన తరువాతనే చార్జి చేయవలెనని చెప్పుదురు. ఆ మాట పూర్వపు నికెల్-కాడ్మియం బ్యాటరీలకు తగినది. లిథియం బ్యాటరీకి అది మేలు చేయకపోగా కీడు చేయును.

బ్యాటరీని పోషించు విధము

మొదటిది, చార్జిని వీలైనంతవరకు 20 శాతమునకును 80 శాతమునకును నడుమ ఉంచవలెను. యంత్రమును ఎల్లప్పుడు బల్లమీద తీగ తగిలించియే వాడువారు, చార్జి 80 శాతముననే ఆగునట్లు సెట్టింగు పెట్టుకొనవలెను. లెనోవో, డెల్, ఆసుస్ మొదలగు సంస్థల యంత్రములు పెక్కింటిలో ఈ సౌకర్యము ఆ సంస్థవారి ప్రోగ్రాములోనే ఉండును. ప్రయాణమున్న దినమున మాత్రము 100 శాతము నింపుకొనవచ్చును. అందువలన దోషము లేదు. నింపి నెలలకొలది అట్లే ఉంచుటయే దోషము.

రెండవది వేడి. బ్యాటరీ దాదాపు 35 డిగ్రీల పైబడిన వేడిలో త్వరగా క్షీణించును. వేలూరు, తిరుత్తణి ప్రాంతములలో వేసవిని ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. కావున యంత్రమును కిటికీ ఎండలోను, నిలిపి ఉంచిన కారులోను ఉంచరాదు. పరుపుమీదను, దుప్పటిమీదను పెట్టి వాడరాదు. అడుగున గాలి పోవు రంధ్రములు మూసికొనిపోవును. ఒక చెక్కపలక చాలును, దానిపై పెట్టి వాడవలెను. మూత మూసిన యంత్రము లోపల ఇంకను నడచుచుండగా సంచిలో దూర్చరాదు.

మూడవది, వేసవి సెలవులలో యంత్రమును వాడక పక్కన పెట్టువారు దాదాపు సగము చార్జి ఉంచి, పూర్తిగా ఆపి, చల్లని చోట దాచవలెను. సున్న చార్జితో రెండు నెలలు పడియున్న బ్యాటరీ మరల లేవకపోవచ్చును.

నాలుగవది చార్జరు. చార్జరు పోయినచో అదే వోల్టేజి, తగిన వాట్లు గలిగిన మంచి చార్జరునే కొనవలెను. ధర తక్కువయని పేరులేనిది తెచ్చుట బ్యాటరీకే కాక యింటికిని ప్రమాదము. ఉరుములు, పిడుగులు ఉన్నపుడు తీగ తీసివేయవలెను.

అయిదవది మిక్కిలి ముఖ్యమైనది. బ్యాటరీ ఉబ్బి, మౌస్‌ప్యాడు పైకి లేచినను, యంత్రపు అడుగుభాగము వంగినను వెంటనే వాడుక మానవలెను. చార్జి చేయరాదు, నొక్కరాదు, సూదితో పొడువరాదు, నిప్పు అంటుకొనును. తెలిసిన మరమ్మతుదారు చేత తీయింపవలెను. పాత బ్యాటరీని చెత్తకుప్పలో వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమావళి ప్రకారము, వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించు బాధ్యత ఉత్పత్తిదారులపై కలదు. కావున అమ్మిన అంగడికో, సేకరణ కేంద్రమునకో ఇవ్వవలెను.

విద్యుత్తు పొదుపు

ఇది చిన్న లెక్కతో తెలియును. బ్యాటరీ శక్తిని వాట్-అవర్లలో కొలుతురు. 45 వాట్-అవర్ల బ్యాటరీ గల యంత్రము 15 వాట్ల చొప్పున వాడినచో 3 గంటలు నడచును. అదే 9 వాట్లు వాడినచో 5 గంటలు నడచును. బ్యాటరీ ముదిసి 30 వాట్-అవర్లకు తగ్గినచో, 15 వాట్ల వాడుకకు 2 గంటలే వచ్చును. 9 వాట్ల వాడుకకు 3 గంటల 20 నిమిషములు వచ్చును. సంపాదన తగ్గిన యింటికి పొదుపు ఎక్కువ అవసరమైనట్లే, ముదిసిన బ్యాటరీకి పొదుపు మరింత అవసరము.

శక్తిని ఎక్కువగా తినునది తెర. చదువుటకు తగినంత వెలుగే ఉంచి, తక్కిన వెలుగు తగ్గించినచో గణనీయమైన పొదుపు కలుగును. మీటల క్రింది దీపము ఆర్పవలెను. అంతర్జాలముతో పని లేనపుడు వై-ఫై, బ్లూటూత్ ఆపవలెను. చూడని బ్రౌజరు పుటలను మూయవలెను. విండోస్ యంత్రములలో బ్యాటరీ సేవర్ అను సెట్టింగు కలదు. క్రొత్త వానిలో దీనిని ఎనర్జీ సేవర్ అందురు. అది తెర వెలుగును తగ్గించి, తెర వెనుక నడచు పనులను అదుపు చేయును.

స్లీప్, హైబర్నేట్ అను రెండింటికి భేదము తెలియవలెను. స్లీప్‌లో యంత్రము తన జ్ఞాపకమును నిలుపుకొనుటకు కొంచెము విద్యుత్తు వాడుచునే యుండును. హైబర్నేట్‌లో జ్ఞాపకమును డిస్కుపై వ్రాసిపెట్టి నిద్రించును గాన విద్యుత్తు దాదాపు వాడదు. అరగంట విరామమునకు స్లీప్ చాలును. రాత్రికి హైబర్నేట్ గాని, పూర్తిగా ఆపుట గాని మేలు.

బ్యాటరీ ఎంత ముదిసినదో యంత్రమే చెప్పగలదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని తెర తెరచి, ఇంగ్లీషు అక్షరములలో పవర్‌సీఎఫ్‌జీ అని వ్రాసి, ఖాళీ విడిచి, కుడివైపు వాలు గీత పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి వ్రాసి ఎంటరు నొక్కినచో ఒక నివేదిక తయారగును. అందు డిజైన్ కెపాసిటీ అనునది పుట్టినపుడున్న శక్తి. ఫుల్ చార్జ్ కెపాసిటీ అనునది నేటి శక్తి. రెండవదానిని మొదటిదానితో భాగించి 100చే గుణించినచో శాతము వచ్చును. గణిత ఉపాధ్యాయులు దీనిని తరగతిలో అభ్యాసముగా ఇయ్యవచ్చును.

పొదుపు సెట్టింగులలో ఒకటి రెండు పనులు చేయును. అయిదు నిమిషములు ముట్టుకొననిచో తెర ఆరునట్లును, మరల తెరచుటకు పిన్ అడుగునట్లును పెట్టినచో విద్యుత్తు మిగులును, తలుపునకు తాళమును పడును. బ్యాటరీ పోషణము నుండి విషయ రక్షణమునకు ఇదియే దారి.

తలుపు, తాళము, గొళ్లెము

లాప్‌టాపులో నేడు ఏమున్నది? విద్యార్థి ఆధార్ ప్రతి, మార్కుల జాబితా, కులధ్రువపత్రము, బ్యాంకు ఖాతా వివరములు, ఇంటివారి ఛాయాచిత్రములు, ఇ-మెయిలు. ఇవి పరుల చేతిలో పడిన కలుగు నష్టము యంత్రపు ధరకు మించినది.

మొదటి తాళము పిన్. నాలుగంకెల పిన్‌కు 10,000 కూర్పులు మాత్రమే ఉన్నవి. ఆరంకెలకు 10 లక్షలు ఉన్నవి. కావున ఆరంకెలది పెట్టవలెను. పుట్టిన తేది పెట్టరాదు. బల్ల విడిచి లేచునపుడు విండోస్ గుర్తు మీటతో కూడ ఎల్ అక్షరపు మీటను నొక్కినచో తెరకు తాళము పడును. లేచిన ప్రతిసారి ఇది చేయుట అలవాటు కావలెను.

ఇ-మెయిలు మొదలగు ఖాతాలకు పొడవైన పాస్‌వర్డు కావలెను. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరములతో 20,882 కోట్లకు పైగా కూర్పులు ఏర్పడును. వినుటకు పెద్ద సంఖ్యయే, కాని నేటి వేగవంతమైన యంత్రములకు ఇది చాలదు. ఒకదానికొకటి సంబంధము లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో కలిపి వ్రాసినచో పొడవును వచ్చును, జ్ఞాపకమును ఉండును. అందరికి తెలిసిన సామెతను గాని, పాట చరణమును గాని పెట్టరాదు. ఒక ఖాతా పాస్‌వర్డు మరియొక ఖాతాకు వాడరాదు. ఒక తాళపుచెవి పోయిన ఇల్లంతయు తెరచుకొనును. ఇ-మెయిలునకు రెండంచెల పరిశీలన కూడ పెట్టవలెను.

ఒకే యంత్రమును అన్నయు, చెల్లెలును, తండ్రియు వాడు ఇండ్లు మనలో పెక్కు. అట్టిచోట ఒక్కొక్కరికి వేరు ఖాతా ఏర్పరుపవలెను. క్రొత్త ప్రోగ్రాములను చేర్చు అధికారము గల ఖాతా ఒక్కటి మాత్రమే పెద్దవారి వద్ద ఉండి, తక్కినవి సామాన్య ఖాతాలుగా ఉండుట క్షేమము. పిల్లవాడు తెలియక ఏదేని నొక్కినను కీడు ఇంటింతయు ప్రాకదు.

యంత్రము దొంగిలింపబడినచో పిన్ ఒక్కటియే చాలదు. డిస్కును ఊడదీసి మరియొక యంత్రమునకు తగిలించి చదువవచ్చును. దీనికి విరుగుడు ఎన్‌క్రిప్షన్. అనగా లోపలి వ్రాతనంతటిని గూఢలిపిగా మార్చుట. విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్, బిట్‌లాకర్ అను పేర్లతో ఇది కలదు. దీనిని తెరచు 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉండును. దానిని కాగితముపై వ్రాసి, భూమి పత్రములు దాచుచోట దాచవలెను. అది పోయినచో కొన్ని సమయములలో యజమానియే తన విషయమును తెరువలేడు.

నవీకరణముల ఆవశ్యకత

అప్‌డేట్ అని తెరపై వచ్చినపుడు, రేపు చూతమని త్రోసివేయుట సాధారణమైన అలవాటు. ఆ అలవాటు ఫలితము 2017లో లోకమునకు తెలిసినది. విండోస్‌లోని ఒక లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంవత్సరము మార్చిలోనే మరమ్మతు పంపినది. మే 12వ తేదిన వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము అదే లోపమును ఆధారము చేసికొని బయలుదేరి, సుమారు 150 దేశములలో కంప్యూటర్లను బంధించి, విడుదలకు ధనము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడినవి. రెండు నెలల క్రితమే వచ్చిన మరమ్మతును వేసికొన్న యంత్రములను ఈ దారిన వచ్చిన దాడి ఏమియు చేయలేకపోయినది.

విండోస్ 10కి ఉచిత మరమ్మతులు సాధారణముగా 2025 అక్టోబరు 14తో నిలిచినవి. మీ యంత్రమునకు విండోస్ 11 పట్టునేని ఎక్కింపవలెను. పట్టని పాత యంత్రములలో ఉబుంటు గాని, సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ గాని వేసికొనవచ్చును. ఇవి ఉచితములు, వీనిలో తెలుగు వ్రాయవచ్చును.

అప్‌డేట్ చేయునపుడు చార్జరు తగిలించి ఉంచవలెను. ముదిసిన బ్యాటరీ నడుమ చేయి విడిచినచో వ్యవస్థయే చెడును. శక్తి, విషయము ఒకదానిపై నొకటి ఆధారపడియున్నవని దీనివలన తెలియుచున్నది.

విండోస్‌తో వచ్చు డిఫెండర్, ఫైర్‌వాలు అనునవి సామాన్యునికి చాలును. వానిని ఆపకుండుటయే ముఖ్యము. దొంగప్రతి ప్రోగ్రాములు వేయుటకై వానిని ఆపుమని చెప్పువారి మాట వినరాదు. జిరాక్సు అంగడికి పోయివచ్చిన పెన్‌డ్రైవును తెరచుటకు ముందు పరీక్షింపవలెను. విద్యార్థివేతనము వచ్చినది, ఈ లంకె నొక్కుడు అను సందేశము వచ్చినచో నొక్కక, పాఠశాలలో అడుగవలెను. ఓ.టి.పి. ఎవరికిని చెప్పరాదు. ధనము పోయినచో ఆలస్యము చేయక 1930 అను జాతీయ సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన ధనమును ఆపుటకు అంత అవకాశముండును.

రెండవ ప్రతి

అన్ని తాళములు వేసినను యంత్రము క్రింద పడవచ్చును, నీరు పడవచ్చును, డిస్కు చెడవచ్చును. అప్పుడు కాపాడునది రెండవ ప్రతి ఒక్కటియే.

మా ఎరుకలో ఒక విద్యార్థిని తన నాయనమ్మ పాడు పెండ్లిపాటలను, దంపుళ్లపాటలను ఓపికతో విని లాప్‌టాపులో వ్రాసికొన్నది. కొన్నింటిని ఆమె గొంతుతోనే పట్టియుంచినది. ఆ పాటలలోని మాటలు కొన్ని నిఘంటువులలో కూడ కానరావు. తరముల క్రితము ఈ ప్రాంతమునకు వచ్చినవారు తెచ్చుకొన్న మాటలవి. నాయనమ్మ స్వర్గస్థురాలైన కొలది నెలలకు ఒక పెన్‌డ్రైవు ద్వారా వచ్చిన దుష్టప్రోగ్రాము ఆ యంత్రములోని దస్త్రములన్నింటిని తెరువరాకుండ చేసినది. లెక్కల పాఠములు మరల వ్రాసికొనవచ్చును. వ్యాసములు మరల కూర్చుకొనవచ్చును. ఆ పాటలను మరల పాడువారు లేరు. అదృష్టవశమున, ఒక పండుగ దినమున ఆమె తన చిన్నాయనకు పంపిన నాలుగు పాటలు ఆయన ఫోనులో మిగిలియుండెను. ఎవరికో ప్రేమతో పంపిన ప్రతియే నేడు ఆ యింటి ఆస్తి.

కావున ముఖ్యమైన ప్రతి దస్త్రమునకు మూడు ప్రతులు ఉండవలెను: యంత్రములో ఒకటి, పెన్‌డ్రైవులోనో వేరు డిస్కులోనో ఒకటి, ఇంటికి బయట, అనగా అంతర్జాలపు నిల్వలోనో బంధువుల యింటనో మరియొకటి. పెన్‌డ్రైవును ఎల్లప్పుడు యంత్రమునకే తగిలించి ఉంచరాదు. యంత్రమునకు పట్టిన చీడ దానికిని పట్టును. తెలుగు వ్రాతను యూనికోడులోనే వ్రాయవలెను. పాత ఫాంటులలో వ్రాసినది మరియొక యంత్రమున అర్థము లేని గుర్తులుగా కనబడవచ్చును. యూనికోడులో వ్రాసినది ఎక్కడ తెరచినను తెలుగుగానే ఉండును.

దినచర్య

పైన చెప్పినదంతయు కొలదిపాటి నియమములలో ఇముడును. ప్రతిదినము: తెర వెలుగు తగ్గించుట, లేచునపుడు తాళము వేయుట, రాత్రి పూర్తిగా ఆపుట. ప్రతివారము: అప్‌డేట్ చేయుట, ముఖ్యమైన దస్త్రములకు రెండవ ప్రతి తీయుట. మూడు నెలలకొకసారి: బ్యాటరీ నివేదిక చూచుట, గాలిరంధ్రముల దుమ్ము తుడుచుట. సంవత్సరమునకొకసారి: పాస్‌వర్డులు సరిచూచుట, వాడని ప్రోగ్రాములు తీసివేయుట.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, పోయిన తరువాత మేలుకొనుటవలన ఫలము లేదు. విద్యార్థినీ విద్యార్థులారా, ఈ పత్రిక మీ చేతికి వచ్చిన దినముననే మూడు పనులు చేయుడు: ఆరంకెల పిన్ పెట్టుడు, చార్జిని 80 శాతముననే ఆపు సౌకర్యము మీ యంత్రములో ఉన్నచో దానిని అమర్చుడు, మీ ఇంటి పెద్దల మాటలుగా వ్రాసికొన్నది ఏదియున్నను దానికి రెండవ ప్రతి తీయుడు. మూడింటికిని కలిపి ఒక గంట చాలును. చేయుట తెలియనివారు శనివారము మధ్యాహ్నము యంత్రముతో పాఠశాలకు రండు. తల్లిదండ్రులు కూడ రావచ్చును. మేము, మా ఉపాధ్యాయులు దగ్గరనుండి చేయించెదము.